ఆరు తర్వాతి అంకె

వ్యాయామం వీడియోలు తీసేవాళ్ళ ఒంటికి వ్యాయామం ఉండదు. కెమెరా వెనక కుర్చీ, కుర్చీ పక్కన మిర్చి బజ్జీల పొట్లం, చేతిలో చాయ. ఇదీ మా ఆరోగ్య రహస్యం. నా నడుము చూసినవాళ్ళెవరూ ఈ మనిషి నలుగురికి సన్నబడే దారి చూపించాడంటే నమ్మరు. నమ్మకపోయినా నష్టం లేదు. ఫోను చేతబట్టుకుని రోజుకో వీడియో వదులుతూ, ఏ చిన్న తేడా వచ్చినా "ఎడిటింగులో చూసుకుందాం లే" అనేస్తున్న తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక సంగతి చెబుదామని కూర్చున్నాను. ఆ మాట మీకంటే ముందు నుంచీ అంటున్నవాణ్ణి నేను. దాంతో నేను చేసిన ఘనకార్యం ఒకటుంది.

జనగామలో పెళ్ళి వీడియోలతో మొదలైంది నా బతుకు. పెళ్ళి వీడియోలో జరిగింది చూపిస్తే మళ్ళీ మనల్ని ఎవరూ పిలవరు. పెట్టుపోతల దగ్గర అలిగి మేనమామ అన్నం తినకుండా వెళ్ళిపోయాడనుకోండి, నిశ్చితార్థం నాడు ఆయన పళ్ళికిలించిన ముక్క ఒకటి తెచ్చి అప్పగింతల ముందు అతికించేవాణ్ణి. క్యాసెట్టు చూసిన ఆడపడుచులు "మామ ఎంత సంబురపడ్డడో సూడు" అనేవాళ్ళు. అలా జిల్లాలో నాకు "అతుకు కనపడనీయడు" అనే పేరు వచ్చింది. ఆ పేరు మీదే తర్వాత ఒక వీడియో సంస్థలో ఎడిటర్‌గా నెలజీతానికి చేరాను. జుట్టు అక్కడే నెరిసింది.

ఇంకో ఏడాదిలో రిటైరవుతాననగా మా సంస్థకు పట్నం కంపెనీ నుంచి ఒక పని వచ్చింది. పల్లెటూరి ఆడవాళ్ళ కోసం తెలుగులో ప్రొఫెషనల్ వర్కౌట్ వీడియోలు. పొద్దున నాలుగింటికి లేచి వాకిలి ఊడ్చి, నీళ్ళు మోసి, పొద్దంతా నడుం వంచి నాట్లు వేసి వచ్చే ఆడవాళ్ళకు ఒంట్లో కదలిక తక్కువైందని పట్నంలో ఎవరో కనిపెట్టారట. వాళ్ళ బాధ చూడలేక ఒక డైరెక్టర్‌ని కూడా పంపించారు.

మొదటి షూటింగు జనగామ దగ్గర ఒక ఫంక్షన్ హాలులో పెట్టుకున్నాం. అది మూఢం. ముహూర్తాలు లేక హాలూ ఖాళీ, మేమూ ఖాళీ. డైరెక్టర్‌గారికి 'రూరల్ ఫీల్' కావాలి. పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూర్చునే స్టేజీ మీద గోడకు ఆరు చాటలు, రెండు జల్లెళ్ళు కొట్టించాడు. లింగాల ఘనపూర్ వైపు నుంచి ఎనిమిది మంది ఆడవాళ్ళను వెనక వరుసలో నిలబెట్టడానికి పిలిపించాడు. వాళ్ళలో ఒకామె గోడకేసి చూసి, "చాటలు గోడకు ఏలాడేసిన్రేందవ్వా, చెరుగుడు మర్చిపోయిన్రా ఏంది?" అంది. డైరెక్టర్ ఆ మాటకు నవ్వి, "న్యాచురల్‌గా ఉంది, ఇలాగే ఉండండి" అన్నాడు. ఆమె మాట ఆయనకు సగం కూడా అర్థం కాలేదని నాకు తెలుసు.

ముందు నిలబడి వ్యాయామం చేయించే మనిషిగా దొరికింది ఒక చెల్లె. పేరు చెప్పను, చెల్లె అనే అంటాను. మానుకోట దగ్గర ఒక ప్రైవేటు బడిలో పిల్లల్ని ఆడించేది. వయసు నలభై దగ్గర. ఒకప్పుడు జిల్లా కబడ్డీ జట్టులో ఆడింది. ఆమె కూతకు వస్తే అవతలివాళ్ళు వెనక్కి జరిగేవారని విన్నాను, ఆ తొడలు చూస్తే అబద్ధమనిపించలేదు. బడిలో ఆమెది పీరియడ్ లెక్కన పని. పరీక్షలు దగ్గరపడితే ఆటల పీరియడ్ లెక్కల సారు గుంజుకుంటాడు, ఆ నెలలు ఆమె ఇంట్లోనే. ఈ వీడియోలు పాసైతే కంపెనీ ఆమెను ట్రైనర్‌గా పర్మనెంట్ చేస్తానంది. మెడలో వేసుకునే కార్డు కూడా ఇస్తానంది.

"ఇరవై ఏండ్ల సంది ఆడిపిచ్చే అక్క, ఆడిపిచ్చే అక్క అనుడే గని, ఒక్కలన్న కోచ్ అన్నోళ్ళు లేరన్నా" అని మొదటిరోజే నాతో అంది. ఆమెకు కావలసింది అదీ.

అంతా బాగానే సాగింది, ఆరు వరకు.

వ్యాయామానికి వెనక వాయిద్యం ఎనిమిది దెబ్బల లెక్కన నడుస్తుంది. ఒకటి అంటే కూర్చోవాలి, రెండు అంటే లేవాలి, ఎనిమిదికి చేతులు పైకి. చెల్లె గొంతు ఖంగుమంటుంది. ఐదు, ఆరు అంది. తర్వాత "ఆరున్నొక్కటి" అంది. ఆ ఒక్క అంకె రెండు దెబ్బల జాగా తిన్నది. ఎనిమిది వచ్చేసరికి వాయిద్యం మళ్ళీ ఒకటిలో ఉంది, వెనక వరుసలో సగం మంది లేస్తున్నారు, సగం మంది కూర్చుంటున్నారు.

"కట్! అమ్మా, ఏడు ఏమైంది?" అన్నాడు డైరెక్టర్.

"అన్న గద సార్, ఆరున్నొక్కటి అని."

"ఏడు అనండి. సింపుల్."

"మా బాపు కల్లాలల్ల వడ్లు కొలిచేటోడు సార్. పొద్దుగాల కుంచం ముంచంగనే లాభం అంటడు, ఒకటి అనడు. ఆరు కాంగనే ఆరున్నొక్కటి. రాశి ముంగట నిలబడి ఏడు అంటే, ఏడుమంటున్నవా అని రైతు మొఖం మాడ్చుకుంటడు. మా ఇంట్ల చిన్నప్పటి సంది గంతే. ఒకటి అనుమంటే అంట. గది మాత్రం నోట్లెకెళ్ళి రాదు."

"ఇది ఫిట్‌నెస్ అమ్మా. సెంటిమెంట్ కాదు."

"పొద్దుగాల్నే ఆడోళ్ళను నిలబెట్టి, ఏడు ఏడు అని ఎట్లంట సార్? మీరంటరా?"

ఆయన అనగలడు. ఆయన ఏమైనా అనగలడు. ఇంగ్లీషులో లెక్కపెట్టమందామంటే కంపెనీ ఒప్పుకోదు, తెలుగే కావాలి, పల్లెకు దగ్గరవ్వాలి. పల్లె తన లెక్కతో సహా దగ్గరైతే మాత్రం పనికిరాదు. పదకొండు టేకులు తీశాం. ప్రతిసారీ ఆమె ఆరు దగ్గర నోరు తెరిచేది, మెడ నరాలు బిగిసేవి, చివరికి ఆరున్నొక్కటే వచ్చేది. "ట్రయల్‌లో కంపెనీవాళ్ళకు నచ్చకపోతే మనిషిని మార్చేస్తారు, నా చేతిలో ఏం లేదు" అని డైరెక్టర్ ఆమెకు వినపడేటట్టు నాతో చెప్పాడు. ఆమె ముఖం చిన్నబోయింది.

అప్పుడు నేను అందుకున్నాను. "చెల్లె, నీ లెక్క నువ్వు పెట్టుకో. ఎడిటింగులో నేను చూసుకుంటా."

"ఏం జేస్తవన్నా?"

"ఆ జాగాల నీ మాట తీసేసి ఒక డప్పు దెబ్బ పెడతా. ఆరు, డప్పు, ఎనిమిది. మంచిగుంటది."

ఆమె నవ్వింది. "గట్లయితే నీ పుణ్యముంటదన్నా" అంది. పుణ్యం ఖాతాలో పడకముందే ఖర్చు పెట్టినవాణ్ణి నేనే.

రెండో షూటింగు డోర్నకల్‌లో, రైలు పట్టాలకు దగ్గర్లో ఒక మైదానంలో పెట్టారు. జంక్షన్ పక్కన మైక్ పెట్టి రికార్డింగు చేద్దామన్న ఆలోచన ఎవరిదో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోరు. ఆమె నాలుగు బస్కీలు తీస్తే ఒక గూడ్సు వచ్చేది. గూడ్సు పోయేదాకా అందరం చేతులు పైకెత్తి నిలబడేవాళ్ళం. ఆ రోజు కూడా చెల్లె ఏడు దగ్గర ఏడు అనలేదు. బస్సు టైం అడిగితే కూడా "ఏడింటికి" అంటుంది తప్ప ఆ అంకెను విడిగా నోట రానివ్వదు.

మధ్యాహ్నం తిండికి ఆపాం. చెల్లె ఫోను పట్టుకుని మైదానం చివరి మెట్ల వైపు వెళ్ళింది. ఆమె కాలర్‌కు మైకు అలాగే ఉంది. ఆపి తీసుకోవడం నా పని. నేను తీయలేదు. హెడ్‌ఫోన్ నా చెవులకు ఉంది, రికార్డింగు నడుస్తోంది, అంతా నాకు వినపడుతోంది.

అవతల ఆమె అక్క. కొత్తగూడ మండలంలో ఉంటుందని ముందే చెప్పింది. అక్క మొగుడు చనిపోయి పన్నెండు రోజులు. అతను పోయిన నాటి నుంచి అక్క కంట్లో ఒక్క చుక్క లేదట. వంట చేస్తోందట, బర్రెకు మేత వేస్తోందట, వచ్చినవాళ్ళకు చాయ ఇస్తోందట.

"బావ పోయి పన్నెండు దినాలాయె. గిట్ల రాయి లెక్క కూసుంటే ఎట్లనే? పోరగాండ్లు నీ మొఖం చూసి భయపడుతున్నరు. ఎవలేమనుకుంటే నీకేంది? ఏడు అక్కా." తర్వాత మెల్లగా, చాలా మెల్లగా, "ఏడు" అంది.

నేను బజ్జీ తినడం ఆపాను. ఎంతమంది వెంటపడినా ఆ మాట నోట రానివ్వని మనిషి, అవసరమైన ఒక్క మనిషితో అంది. అవతల నుంచి ఒక శబ్దం వచ్చింది, అది మనిషి గొంతులా లేదు. చెల్లె మోకాళ్ళ మీద తల పెట్టుకుంది. నాకూ కళ్ళు తడిశాయి, ఎందుకు దాచాలి. తడిసిన కళ్ళతోనే బుద్ధిగా గమనించాను, ఆ సమయంలో వెనక రైలు లేదు, గాలి లేదు, మాట శుభ్రంగా వచ్చింది.

ఎడిటింగు మొదలుపెట్టాం. డప్పు దెబ్బ పెట్టి చూపించాను. నాకైతే ముచ్చటగా అనిపించింది. డైరెక్టర్ తల అడ్డంగా ఊపాడు. "ఆడియో పోయిందనుకుంటారు. ఏడు కావాలి. ఆవిడ గొంతులోనే కావాలి. మీరు పెద్ద ఎక్స్‌పర్ట్ అన్నారుగా?" అన్నాడు.

పొగడ్తకు పడిపోవడానికి వయసుతో పనిలేదని తెలుసుకోండి. ఒకటిన్నర గంటలో పని పూర్తి చేశాను. డోర్నకల్ ఫైలు తెరిచి, ఆ రెండో 'ఏడు'ను కోసి, ఆరుకూ ఎనిమిదికీ మధ్య ప్రతిచోటా అతికించాను. కొంచెం వేగం పెంచాను, కొంచెం గొంతు పెంచాను. పెదవులు కనపడేచోట వెనక వరుస ఆడవాళ్ళను చూపించాను. అతుకు కనపడలేదు. డైరెక్టర్ నా భుజం తట్టాడు. చెల్లెకు ఫోను చేసి చెప్పాలని ఒకసారి అనిపించింది. చెబితే వద్దంటుంది, వద్దంటే మళ్ళీ పని, అని ఊరుకున్నాను. నాకు ఆ పూట కలిగింది సిగ్గు కాదు, గర్వం. మధ్యాహ్నం బిర్యానీ తెప్పించుకుని తిన్నాను.

ట్రయల్ భూపాలపల్లిలో. బొగ్గు గనుల పనివాళ్ళ క్వార్టర్ల దగ్గర ఒక కమ్యూనిటీ హాలులో పెద్ద తెర కట్టారు. మొగవాళ్ళను మొదటి షిఫ్టుకు పంపేసి ముప్పై మంది దాకా ఆడవాళ్ళు వచ్చారు. కంపెనీ నుంచి ఒక పెద్దమనిషి వచ్చి ముందు సోఫాలో కూర్చున్నాడు. ఆయన తల ఊపితే చెల్లెకు ఉద్యోగం. చెల్లె కొత్త ట్రాక్ సూటు వేసుకుంది, వీపు మీద 'ట్రైనర్' అని అచ్చు. ముందు వెనక తిరిగి నాకు చూపించి, "ఎట్లున్నదన్నా?" అంది. కోచ్ లెక్క ఉన్నావన్నాను. తెర పక్కన నిలబడి అందరికీ నమస్కారం పెట్టింది.

వీడియో మొదలైంది. తెర మీద చెల్లె, తెర పక్కన చెల్లె, ఎదురుగా ముప్పై మంది. ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది. మొదటిసారి ఎవరూ పట్టించుకోలేదు. రెండోసారికి వెనక ఎవరో కిసుక్కుమన్నారు.

"గామె ఏడుమంటాందేందే?" అని ఒకామె పక్కామెను గెలికింది. నవ్వు పాకింది. ఐదు, ఆరు, ఏడు. ఐదు, ఆరు, ఏడు. నాలుగోసారికి వచ్చేసరికి నవ్వు తగ్గిపోయింది. ఎందుకో ఎవరికీ తెలియదు. బస్కీలు తీస్తున్న ఒక నడివయసు ఆమె సగంలో ఆగి, మెల్లగా కింద కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పక్కవాళ్ళు వంగి ఆమె వీపు నిమిరారు. మిగతావాళ్ళూ ఆగిపోయారు. తెర మీద మాత్రం లెక్క ఆగలేదు.

ముందు వరుసలో కుర్చీలో ఒక ముసలవ్వ కూర్చుని ఉంది, చూడ్డానికి వచ్చింది. చెయ్యెత్తి, "ఆపుండ్రి బిడ్డా" అంది. "గిది లెక్కపెట్టే మాట గాదు. సచ్చినోళ్ళ ఇంట్ల అనే మాట. గొంతుల తెలుస్తలేదా మీకు?"

చేతిలో రిమోట్ ఉంది, తెర ఆపాను. నేను చెల్లె వైపు చూడకూడదనుకున్నాను, చూశాను. ఆమె తెరను చూస్తోంది. తర్వాత మైకు పెట్టే చోట, కాలర్ దగ్గర, చేత్తో తడుముకుంది. తర్వాత నా వైపు తిరిగింది. తిట్టినా బాగుండేది. ఆమె నేను మాట్లాడతానేమోనని చూస్తోంది, అంతే.

కంపెనీ పెద్దమనిషి లేచాడు. "ఏమిటిది? ఎవరి తప్పు?"

డైరెక్టర్ నన్ను చూశాడు. ఆయనకు తెలుసు. నాకు తెలుసు. ఒక్క మాట, 'నేనే సార్, ఆమెకు తెలియకుండా అతికించాను' అని. పది నెలల నౌకరీ ఉంది, వెనక ముప్పై ఏళ్ళ పేరు ఉంది. నా నోరు లేవలేదు. చేతిలో రిమోట్‌ను తిప్పుతూ నిలబడ్డాను.

"నేనే సార్" అంది చెల్లె. "నాకు ఆ అంకె సక్కగ అనరాదు. ముందే జెప్పిన. తప్పు నాదే."

పెద్దమనిషి తల ఊపాడు. మేము ఎదురుచూసిన వైపు కాదు. "ఫిజిక్ బాగుంది గానీ ఈ వాయిస్, ఈ యాస కష్టం" అన్నాడు డైరెక్టర్‌తో, ఆమె అక్కడే ఉండగా. తర్వాత పట్నంలో ఏసీ గదిలో ఇంకో అమ్మాయితో అవే వీడియోలు మళ్ళీ తీశారు. ఆ అమ్మాయి ఏడును ఎంతో చక్కగా అంటుంది. చాటలు మాత్రం జనగామవే తీసుకుపోయారు.

తిరుగు బస్సులో చెల్లె కిటికీ పక్కన కూర్చుంది. పరకాల దాటాక, "నేనే అని ఎందుకన్నవ్ చెల్లె?" అన్నాను. అడగడానికి కూడా సిగ్గుండాలి.

"నువ్వంటవేమోనని జూసిన. నీ పెదవులు కదల్లే." ఆమె గొంతులో కోపం ఉంది, అది దాచుకోలేదు. "మరి ఏం జెయ్యాలె? గా మాట ఏడికెళ్ళి తెచ్చినవో నలుగురిల చెప్తే, మా అక్క దుఃఖం బజార్ల పడతది. గందుకే అన్న, నీ కోసం గాదు." మళ్ళీ తనే అంది, "నీ కోసం గూడ అనుకో. నీకు పది నెల్లే ఉన్నది. ఈ వయసుల నిన్నెవడు పెట్టుకుంటడు? నేనంటే పోరగాండ్లను ఆడిపిచ్చుకుంట బతుకుత."

వద్దు, రేపే వెళ్ళి చెబుతాను అని నేను అనలేదు. దిగాక ఆమెను మానుకోట బస్సు ఎక్కించి, చాయ తాగుతావా అని అడిగాను. అదీ నేను చేసిన ప్రాయశ్చిత్తం. ఆమె తాగలేదు.

పది నెలలు నిక్షేపంగా గడిచాయి. వీడ్కోలు సభలో మా సారు నాకు శాలువా కప్పి, ఇన్నేళ్ళ సర్వీసులో ఒక్క తప్పు అతుకు వేయని మనిషి అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. లేచి దండం పెట్టాను. శాలువా మంచిదే, చలికాలం కప్పుకుంటున్నాను.

ఇదంతా రాద్దామనుకున్నప్పుడు చెల్లెకు ఫోను చేశాను. ఎత్తదనుకున్నాను, ఎత్తింది. ఇంకా పీరియడ్ లెక్కనే పని, పరీక్షల నెలలో ఇంట్లోనే ఉంది. అక్క ఎట్లుందని అడిగితే, "మంచిగనే ఉన్నది. ఏడ్సినంక తేలికైంది" అంది. జరిగింది జరిగినట్టు రాస్తాను, ఒప్పుకుంటావా అని అడిగాను.

"రాసుకో అన్నా. గని నా పేరు పెట్టకు, అక్కకు తెలుస్తది." నేను ఊ అన్నాను. "నీ పేరు గూడ పెట్టకు. నీ మనుమండ్లు పెద్దగైనంక సదువుతరు. తాత గిట్ల జేసిండా అనుకుంటరు. ఎందుకొచ్చిన లొల్లి?"

'కాదు చెల్లె, నా పేరు పెట్టే రాస్తాను' అనాలి. ఈసారి ఉద్యోగం లేదు, పోవడానికి ఏమీ లేదు, ఎదురుగా పెద్దమనిషి కూడా లేడు. అనడానికి బోలెడంత సమయం ఇచ్చింది. ఫోనులో ఆమె ఊపిరి వినపడుతోంది.

"సరే చెల్లె" అన్నాను.

పైన మీరు వెతికినా నా పేరు కనపడకపోవడానికి కారణం అది.